జోకు అయిపోయాక ఆమె ముఖం

ఎడిటింగ్ గది,
మంగళవారం

వదినా,

ఉత్తరం చూసి కంగారుపడకు, అందరం బాగానే ఉన్నాం. ఫోన్ చేద్దామనే అనుకున్నాను. నీకు ఫోన్ చేస్తే పక్కనుంచి అన్నయ్య "స్పీకర్ పెట్టు, స్పీకర్ పెట్టు" అంటాడు, ఇక ఆ తర్వాత మాట్లాడేదంతా తనే. పైగా ఇక్కడ లోపలికి వచ్చేముందు ఫోన్లు గుమ్మం దగ్గర డబ్బాలో పడేసి రావాలి. సినిమాలో ముక్క కూడా బయటికి పోకూడదని నిర్మాతగారి రూలు. కాగితం, కలం మీద ఇంకా ఎవరికీ అనుమానం రాలేదు. అందుకే ఇలా.

సంగతేమిటంటే, నేను ఎడిటర్నయ్యాను. అసిస్టెంటుని కాదు, ఎడిటర్ని. ఇన్నేళ్ళూ మా గురువుగారి కుర్చీ వెనక స్టూలేసుకుని కూర్చుని, "అది తీసెయ్యమ్మా, ఇది అతికించమ్మా" అంటే తీశాను, అతికించాను. ఇప్పుడు ఆయన కళ్ళు మొరాయిస్తున్నాయని తప్పుకున్నారు. పోతూ పోతూ నా పేరు చెప్పారు. ఇది సవ్యంగా గట్టెక్కితే ఈ నిర్మాత తీసే తర్వాతి సినిమా కూడా నాదే. గట్టెక్కకపోతే మళ్ళీ ఎవరిదో ఒక కుర్చీ, దాని వెనక నా స్టూలు.

సినిమా ఏమిటో చెబితే నవ్వుతావు. ఉహూఁ, నవ్వవు, అదే నా భయం. పక్కభాషలో విరగబడి ఆడిన మగాళ్ళ కామెడీ ఒకటుంది. నలుగురు మొగుళ్ళు ఆఫీసు శిక్షణ అని పెళ్ళాలకి అబద్ధం చెప్పి సముద్రం ఒడ్డుకి పారిపోతారు. పెళ్ళాం గురక మీద జోకు, పెళ్ళాం నడుం మీద జోకు, పెళ్ళాం గొంతు మీద జోకు. జోకులు అయిపోయినప్పుడల్లా ఎవరిదో ఒకరిది ప్యాంటు జారిపోతుంది. మన వాళ్ళు దాన్నే "మొగుళ్ళకి సెలవు" అని మళ్ళీ తీశారు. నా ఎడమచేతి తెరమీద పాత సినిమా నడుస్తుంటుంది, కుడిచేతి తెరమీద మాది. "వాళ్ళెక్కడ కోశారో మనమూ అక్కడే కోద్దామమ్మా. అక్కడ జనం నవ్వారు, ఇక్కడా నవ్వాలి" అంటాడు డైరెక్టరు. మనిషి మంచివాడు. మొదటి సినిమా పోయింది, ఇది రెండోది. గోళ్ళు కొరికి కొరికి ఇప్పుడు వేళ్ళకి ప్లాస్టర్లు అంటించుకుని వస్తున్నాడు, కొరకడానికి దొరక్కుండా.

ఒక్క మాట. ఈ సినిమాకి రివ్యూ నువ్వు రాయకు. తిడితే నాకు ముద్ద దిగదు. పొగిడితే మొహమాటానికి రాసిందంటారు. ఆడపడుచు హోదాలో నీకిది నా మొదటి ఆజ్ఞ.

నీ మరదలు


ఇల్లు, వంటింటి బల్ల దగ్గర,
ఆదివారం

కత్తెరమ్మా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మూడుసార్లు నా కోసం, ఒకసారి పైకి, మీ అన్నయ్య కోసం. ఫోన్ సంగతి రాసిన ముక్క మాత్రం మింగేశాను. "మా చెల్లెలు ఎడిటర్" అని ఆయన పొద్దుటినుంచీ మెట్లమీద కనిపించిన ప్రతివాడినీ ఆపి చెబుతున్నారు. పేపరువాడికి రెండుసార్లు చెప్పారు.

ఆ పక్కభాష సినిమా మీ అన్నయ్యకి కంఠతా వచ్చు. నిన్న రాత్రి అన్నం తింటూ అందులో సీను ఒకటి చేసి చూపించి, చేస్తున్న తనే నవ్వాపుకోలేక పొలమారి, నీళ్ళు తాగి, మళ్ళీ మొదటినుంచీ చేశారు. నవ్వాను కూడా. ఎందుకు నవ్వానని తర్వాత గిన్నెలు కడుగుతూ ఆలోచించాను. జోకు చూసి నవ్వానా, ఆయన్ని చూసి నవ్వానా, నవ్వకపోతే బాగుండదని నవ్వానా? ఇన్నేళ్ళుగా సినిమాల మీద రాస్తున్నదాన్ని, నా నవ్వు ఏ జాతిదో నాకే తేల్చుకోవడం రాలేదు.

ఆజ్ఞ శిరసావహించాను. మా ఆఫీసులో కొత్తగా ఒకతను చేరాడు, కలానికి బదులు గొడ్డలి పట్టుకుని వచ్చినట్టుంటాడు. అతనే రాస్తాడులే. నేను ఆ శుక్రవారం బొమ్మల సినిమా ఏదైనా చూసుకుంటాను.

ఇంతకీ అందులో ఆ పెళ్ళాలకి చేసే పనేమైనా ఉందా? లేక గుమ్మం దగ్గర నిలబడి "ఎప్పుడొస్తారండీ?" అనడమేనా?

నీ వదిన


ఎడిటింగ్ గది,
బుధవారం

వదినా,

"ఎప్పుడొస్తారండీ?" అనడమే. ఎలా కనిపెట్టావు?

కానీ హీరో పెళ్ళాంగా వేసినావిడ ఉంది చూశావూ, నాటకాలనుంచి వచ్చిందట. నా వయసే ఉంటుంది. ఒక సీనులో ఇంటికొచ్చిన స్నేహితుల ముందు భోజనాల బల్ల దగ్గర మొగుడు ఆవిడ గొంతు అనుకరిస్తాడు. కాకి, కీచు తలుపు, పాత మిక్సీ, ఇవన్నీ కలిపి. అందరూ పడిపడి నవ్వుతారు. ఆవిడా నవ్వుతుంది. పాత సినిమాలో ఆ నవ్వు మీదే కోసేసి మొగుడి దగ్గరికి పోయారు. మా కెమెరా మనిషి మాత్రం ఆపడం మరిచిపోయాడో ఏమో, షాటు ఇంకా నడిచింది. ఆవిడ నవ్వుతూనే ఉంది, నవ్వుతూనే గరిట తీసుకుంది, వడ్డించబోయింది. అక్కడ నవ్వు ఎటుపోయిందో పోయింది. ఏడవలేదు, కోపం తెచ్చుకోలేదు. దీపం ఆర్పినట్టు కూడా కాదు, గదిలోంచి మనిషి లేచి వెళ్ళిపోయినట్టు. ఇంకా ఆరేడు జోకుల దగ్గర కూడా ఇంతే, కోత అయిపోయాక మిగిలిన ముక్కలో ఆవిడ ఉంది.

అవి రోజూ వేసుకుని చూస్తున్నాను. ఎక్కడ కోయాలో తెలుసు, చెయ్యి పోవడం లేదు.

ఏం చేస్తానో చెప్పను. హాల్లో చూడు. టికెట్ కొనుక్కుని, మామూలు మనిషిలా.

నీ మరదలు


పత్రిక ఆఫీసు,
శనివారం

కత్తెరమ్మా, నా బంగారు కత్తెరమ్మా,

చూశాను! ముందు తిట్లు చెప్పేస్తాను, అవి నువ్వూ చదివే ఉంటావు. ఒకాయన "నవ్వించడానికి మాపై జరిగిన దాడి" అన్నాడు. ఇంకొకావిడ "అసలు సినిమాలో ఉన్న పాపాలన్నీ జాగ్రత్తగా మోసుకొచ్చారు, చలాకీతనం ఒక్కటే దారిలో పారేసుకున్నారు" అని రాసింది. నిన్న ఆట అయ్యాక బయట రివ్యూలవాళ్ళమంతా గుంపుగా నిలబడ్డాం. ఎవరు ఎక్కువ ఘాటుగా తిడతారా అని పోటీ. తిట్టడంలో ఒక సుఖం ఉంది మరదలా, వేడినీళ్ళ స్నానం లాంటి సుఖం. నేనూ కాసేపు అందులో ఉన్నాను.

కానీ ఆ భోజనాల బల్ల సీను! హాలంతా నవ్వుతోంది. ఇక కోస్తారు అనుకున్న చోట కోయలేదు. ఆవిడ ముఖం అలాగే ఉంది. నా వెనక వరసలో నవ్వుతున్న మగాడి నవ్వు ఎక్కడ ఆపాలో తెలియక సన్నబడి దగ్గులోకి దిగింది. నా పక్కన కూర్చున్న పెద్దావిడ చేతిసంచిని ఒళ్ళోకి లాక్కుంది.

ఇప్పుడు నన్ను కొట్టకు. రివ్యూ నేనే రాయాల్సి వచ్చింది. గొడ్డలబ్బాయి పన్ను పీకించుకున్నాడు, బుగ్గ వాచిపోయింది, రాలేదు. నీ పేరు ఎత్తలేదు, ఎడిటింగ్ అన్న మాటే వాడలేదు. తిట్టాల్సినవన్నీ తిట్టాను. చివర మాత్రం ఇలా రాశాను: "జోకు అయిపోయాక కూడా భార్య ముఖం తెరమీద నిలిచిపోతుంది. ఈ సినిమాలో ఎవరో ఆ ముఖాన్ని కోసి పారేయడానికి ఒప్పుకోలేదు. నవ్వు ఆగినచోట, ఆ కాసేపు, ఇది నిజంగా సినిమా అయింది."

పొద్దుటినుంచీ జనం ఆ వాక్యాలు ఫోటో తీసి ఒకరికొకరు పంపుకుంటున్నారట. నీకు కోపం వస్తుందా, సంతోషం వస్తుందా? సంతోషమే వస్తుందని పందెం.

నీ వదిన


ఇల్లు,
సోమవారం

వదినగారికి,

మీరు పందెం ఓడిపోయారు.

మీకు ఒక సంగతి తెలియదు, నేను చెప్పలేదు కాబట్టి. ఆ ముఖాలు ఉంచిన సంగతి డైరెక్టరుకి తెలియదు. ఆయనకొక అలవాటుంది. గదిలో సినిమా వేసినప్పుడు జోకు పడగానే ఆయన తెరకేసి చూడడు, చుట్టూ కూర్చున్నవాళ్ళ ముఖాలకేసి చూస్తాడు, నవ్వుతున్నారా లేదా అని. ఆ నవ్వులు లెక్కపెట్టుకుని మళ్ళీ తెరవైపు తిరిగేసరికి తర్వాతి షాటు వచ్చేసేది. నాకు దొరికింది ఆ సందే. ఆయన చూపు అటు పోయి ఇటు వచ్చేలోగా ఆవిడ ముఖం ఎంతసేపు ఇముడుతుందో అంతసేపు ఉంచాను. నిర్మాతగారు సరే సరి, లైట్లు ఆర్పగానే నిద్రపోతారు. హీరోగారు తను కనిపించినంతసేపే చూస్తారు. ఎవరూ గమనించలేదు, గమనించకుండానే పోయేవాళ్ళు. చూసినవాళ్ళకి ఎందుకో తెలియకుండా కాస్త ఇబ్బందిగా ఉండేది. నాకు అంతే కావాలి. పేరు కాదు.

మీరు వేలుపెట్టి చూపించారు. ఇప్పుడు హాల్లో జనం జోకు రాగానే పక్కవాళ్ళని పొడిచి, "చూడు, చూడు, ఇప్పుడు ఆవిడ ముఖం" అంటున్నారట. హీరోగారు నిన్న ఇంట్లోవాళ్ళతో వెళ్ళి చూశారు. రేపు పొద్దున్న నిర్మాతగారి ఆఫీసుకి రమ్మని కబురొచ్చింది, డైరెక్టరునీ నన్నూ. ఆ ముక్కలన్నీ కోసేసి హాళ్ళకి కొత్త ప్రతి పంపాలట. పెట్టిందెవరో తేలాలట. తేలితే తర్వాతి సినిమా మాటే ఉండదు. చెప్పకుండా చేసిన ఎడిటర్ని ఇంకెవరూ పిలవరు, అది మా పనిలో దొంగతనం కింద లెక్క.

ఒకే ఒక్క మాట అడిగాను మిమ్మల్ని.

మరదలు


ఇల్లు,
సోమవారం రాత్రి

అమ్మడూ,

నువ్వు మనిషి చేత పంపించిన కాగితం అందింది, జవాబు అతని చేతికే ఇస్తున్నాను. ఇన్నేళ్ళలో నన్నెప్పుడూ "మీరు" అనలేదు నువ్వు. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

పన్ను సంగతి అబద్ధం. గొడ్డలబ్బాయి సినిమా చూశాడు, రాశాడు కూడా. వాడి రివ్యూ అచ్చుకి పోయే ముందు నా బల్లమీదికొచ్చింది. అందులో ఆవిడ ముఖం లేదు. చూడనేలేదు వాడు. చివర "ఎడిటర్ నిద్రపోయినట్టుంది" అని ఒక ముక్క ఉంది. అది చదివి నేను ఆగలేకపోయాను. పక్కన పెట్టించి, ఆట చూసి వచ్చి నేనే కూర్చుని రాశాను. నిన్ను కాపాడుతున్నాననుకున్నాను. నిజంగా అదేనా? నాకొక్కదానికే కనిపించిన దాన్ని నలుగురికీ చూపించాలన్న ఉబలాటం ఎంత, నీ మీద ప్రేమ ఎంత? విడదీసి చూద్దామంటే రావడం లేదు.

రేపు ఇంకో వ్యాసం రాయగలను, నీ పక్షాన. లేదా నేనే వచ్చి నిర్మాతకి చెప్పగలను. కానీ ఈసారి అడుగుతున్నాను. ఏం చెయ్యమంటావు? ఏమీ చెయ్యొద్దంటే ఏమీ చెయ్యను. నాకు చేతకాని పని అదొక్కటే, అయినా సరే.

నీ వదిన


ఎడిటింగ్ గది,
గురువారం

వదినా,

ఏమీ చెయ్యొద్దు. ముందు కూర్చుని ఇది చదువు.

నిర్మాతగారి గదిలో పెద్ద సోఫా ఉంది, అందులో కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి. హీరోగారు మాత్రం నిలబడే ఉన్నారు. అరుస్తారనుకున్నాను. అరవలేదు, దానికి ఇంకా భయమేసింది.

"బల్ల సీనులో నేను జోకేశాను. జనం నవ్వారు. బానే ఉంది" అన్నారు. "ఆ తర్వాత ఆవిడ ముఖం ఎందుకండీ? మా చిన్నది ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు. పడుకునేముందు అడిగింది, 'నాన్నా, ఆంటీని ఎందుకలా అన్నావు?' అని. నేనేం చెప్పాలి దానికి?"

నిర్మాతగారు నావైపు తిరిగారు. "ఎవరు పెట్టమన్నారమ్మా?"

నోరు తెరిచాను వదినా. నేనే అని చెప్పేద్దామనే తెరిచాను. మాట బయటికి రాకముందే పక్కనుంచి "నేనే" అని వినిపించింది.

డైరెక్టరు! జేబులోంచి మడతలు పెట్టిన పేపరు ముక్క తీశాడు. నీ రివ్యూ. వేళ్ళకి ప్లాస్టర్లుండటంతో మడత విప్పడం చేతకాక నా చేతికిచ్చాడు, విప్పి ఇచ్చాను. "ఇదిగోండి. 'ఎవరో ఒప్పుకోలేదు' అని రాశారే, ఆ ఎవరో నేనే. ఊళ్ళో పేపర్లన్నీ ఉమ్మేశాయి సార్. నా సినిమా గురించి ఒక్కళ్ళు ఒక్క మంచిమాట అన్నారంటే ఇదే. దీన్ని కూడా కోసేస్తే ఇంకేం మిగుల్తుంది? ప్యాంట్లా?"

ముందు నవ్వింది హీరోగారు. తర్వాత సోఫాలో కూలబడి, "మా అమ్మాయికి నువ్వే వచ్చి చెప్పు" అన్నారు. నిర్మాతగారేమో ఆడవాళ్ళు టికెట్లు కొంటున్నారని హాళ్ళవాళ్ళు చెప్పారని, ఒక వారం చూద్దామని అన్నారు. ముక్కలు ఉన్నాయి. తర్వాతి సినిమా ఉంది. నేనున్నాను.

మెట్లు దిగుతుంటే డైరెక్టరు వెనకే వచ్చాడు. "నేనే కదమ్మా పెట్టమన్నాను? గుర్తుందిగా? ఆ రోజు... వర్షం పడ్డ రోజు..." అన్నాడు. అలా బతిమాలే కళ్ళు నేనెప్పుడూ చూడలేదు. దొంగతనం చేస్తున్నాడా, నన్ను కాపాడుతున్నాడా, నిజంగానే నమ్ముతున్నాడా?

"గుర్తుంది సార్" అన్నాను.

ఇంటికొచ్చి ఏడ్చాను. ఎందుకో అడక్కు, నువ్వు అడుగుతావని తెలుసు. పేరు అక్కర్లేదని నీకు రాశాను చూడు, అది నిజం కాదని మెట్లమీద తెలిసింది.

ఎవరికీ చెప్పకు. అన్నయ్యకి అసలే చెప్పకు.

నీ మరదలు


పత్రిక ఆఫీసు,
శుక్రవారం

కత్తెరమ్మా,

ఇంతకాలం రాయకపోవడానికి కారణం, ఏం రాయాలో తెలియకపోవడమే. నీ సినిమా ఇంకా ఆడుతోంది. తిట్టినవాళ్ళు కొందరు రెండోసారి చూసి, "మొదట తొందరపడ్డాం" అని రాస్తున్నారు. సినిమా మాత్రం ఏం మారలేదు, ప్యాంట్లు అలాగే జారుతున్నాయి. అయినా దాన్ని తిట్టాలన్నా మెచ్చుకోవాలన్నా ఇప్పుడు అందరూ ఆ ముఖం దగ్గరే మొదలుపెడుతున్నారు.

నిన్న మా సంపాదకుడు పిలిచి, "ముందు పసిగట్టింది మీరేగా, డైరెక్టరుతో ముఖాముఖి మీరే చెయ్యండి" అన్నాడు. ఇంకెవరికైనా ఇవ్వమన్నాను. గొడ్డలబ్బాయి సిద్ధంగానే ఉన్నాడు. వాడైతే గుచ్చి గుచ్చి అడిగి నీదాకా వస్తాడేమోనని నేనే వెళ్ళాను.

ఎదురుగా కూర్చున్నాడు మీ డైరెక్టరు. ఒక్క ప్రశ్నే అడిగాను, అదీ మామూలుగా, ఆ ఆలోచన ఎలా వచ్చిందని. "మా ఆవిడ దగ్గరే నేర్చుకున్నానండీ" అన్నాడు. "నలుగురిలో ఆవిడ మీద ఏదో ఒకటి అంటాను, అందరితోపాటు నవ్వుతుంది. తర్వాత ఆ నవ్వు ఆగిపోతుంది. పెళ్ళైనప్పటినుంచీ ఆ ముఖం చూస్తూనే ఉన్నాను. అదే పెట్టాను." చెబుతూ చెబుతూ కళ్ళు తుడుచుకున్నాడు. నటన కాదు. నిజంగా నమ్మేశాడు మరదలా. ఇన్ని రోజులుగా చెప్పుకుని చెప్పుకుని, తన ఇంట్లో ఆ ముఖాన్ని వెతుక్కున్నాడనుకుంటాను. దొరికిందో, దొరికిందనుకున్నాడో.

నా కలం ఆగిపోయింది. ఒక్క మాటంటే చాలు, నీది నీకు వచ్చేస్తుంది. ఆ ఒక్క మాటతోనే నీ పనీ పోతుంది, ఆయన పరువూ పోతుంది. నిజం చెప్పాలంటే ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. నీ ఉత్తరం గుర్తొచ్చి కాదు ఆగింది, ఆయన తుడుచుకున్న కళ్ళు చూసి ఆగాను. ఇది దయా, పిరికితనమా?

ఆయన చెప్పింది చెప్పినట్టే రాసిచ్చాను. నా మాటగా ఒక్క వాక్యం కలపలేదు. రేపు అచ్చవుతుంది. అది చదివి నువ్వు మళ్ళీ "మీరు" అన్నా తప్పుపట్టను.

నీ వదిన


ఎడిటింగ్ గది,
బుధవారం

వదినా,

నువ్వే. "మీరు" కాదు.

చదివాను. పేపరు మడిచి కిటికీలో పెట్టి, మళ్ళీ తీసి చదివాను. మండింది, కాదనను. కొత్త సినిమా మొదలైంది, అది చేసుకుంటూ కూర్చున్నాను.

ఇవాళ పొద్దున్న ఒకావిడ వచ్చింది. పొట్టిగా ఉంది, చేతిలో గొడుగు. ఫోన్ డబ్బాలో వేసి, గుమ్మంలోనే నిలబడి, "డైరెక్టరుగారి భార్యనమ్మా" అంది. కంగారుగా లేచాను. ఆయన ఊళ్ళో లేరని చెప్పాను.

"తెలుసు, అందుకే వచ్చాను. ఆ బల్ల సీను ఒకసారి వేస్తావా? హాల్లో వెనక కూర్చుంటే సరిగ్గా కనపడలేదు."

వేశాను. కాకి, కీచు తలుపు, మిక్సీ. అందరూ నవ్వారు. ఆవిడ గరిట తీసుకుంది. ఆవిడ ముఖం ఉన్నంతసేపూ ఈవిడ కదల్లేదు. అయిపోయాక గొడుగు పిడి తిప్పుతూ, తెరవైపే చూస్తూ అడిగింది.

"ఇది నువ్వు ఉంచావు కదూ?"

పేపర్లో సారు చెప్పారు కదండీ అని ఏదో గొణిగాను.

"చదివాను" అంది. "పాపం, బాగా చెప్పారు. కానీ ఆయన నా ముఖంకేసి అంతసేపు ఎప్పుడూ చూడలేదమ్మా."

నేను అవుననలేదు, కాదనలేదు. ఆవిడ గొడుగు గోడకి ఆనించి, మూలనున్న స్టూలు నా కుర్చీ పక్కకి లాక్కుని కూర్చుంది.

"ఇంకోసారి వెయ్యి" అంది.

నీ మరదలు